వడ్రంగి కొట్టంలో చలి



ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఒకటి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వ్రాశాడు. వాళ్ళ నాన్నగారు వడ్రంగం చేస్తారు. ఇంటి వెనక పెంకుల కొట్టంలోనే పని. చలికాలం తెల్లవారుజామున ఉలి పట్టుకుంటే వేళ్ళు వంగవట. అంచేత తలుపు బిగించుకుని, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నారట. ఈమధ్య ఆయనకు రోజూ పొద్దున్న తలనొప్పి వస్తోందనీ, ఎండలోకి వచ్చి కూర్చుంటే తగ్గిపోతోందనీ కూడా వ్రాశాడు. “హీటరు కొందామనుకుంటున్నాం. ఏది మంచిదో చెప్పండి” అన్నది ప్రశ్న.

ఉత్తరం అడుగున ఫోను నంబరు ఉండటం మంచిదయింది. పత్రిక అచ్చయి చేరటానికి చాలా రోజులు పడుతుంది గదా! అప్పటికప్పుడే ఫోను చేసి, “ముందు కుంపటి బయట పెట్టించు నాయనా, తలుపు తెరిపించు. హీటరు సంగతి తరవాత” అని చెప్పాను. ఎందుకో మీ అందరికీ తెలియాలి.

ఎర్రగా రాజుకున్న బొగ్గుల మీద సన్నని నీలిమంట ఆడటం ఎప్పుడైనా చూశారా? కుంపటి అడుగున గాలి బాగా తగిలే చోట బొగ్గు మండి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అది పైనున్న ఎర్రటి బొగ్గుల సందుల్లోంచి పోతూ మరికాస్త బొగ్గును కలుపుకుని కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువుగా మారుతుంది. పైన గాలి తగిలి మండేది అదే. మండగా మిగిలినది గదిలో చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ అయితే మనిషిని బయటికి తరుముతుంది. ఇది తరమదు.

మన నెత్తురులో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉన్నది. ప్రాణవాయువును పట్టుకునేదానికంటె 200 రెట్లకు పైగా గట్టిగా అది ఈ కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది. బండి నిండా ఇదే ఎక్కి కూర్చుంటే ప్రాణవాయువుకు చోటెక్కడ? మొదట తలనొప్పి, తరవాత తల తిరగటం, వికారం, ఆపైన మగత. నిద్రలో ఉన్నవాడికి ఈ గుర్తులేవీ తెలియవు. అందుకే మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారి లేవని వార్తలు చలికాలంలో పత్రికల్లో వస్తూ ఉంటాయి. గదిలోంచి బయటికి వస్తే తగ్గి, లోపలికి వెళితే మళ్ళీ వచ్చే తలనొప్పి ఉన్నదంటే దాన్ని అనుమానించాలి. అలాంటి గదిలో ఎవరైనా సొమ్మసిల్లి పడి ఉంటే తలుపులు, కిటికీలు తెరిచి, వాళ్ళను గాలిలోకి చేర్చి, 108కి ఫోను చెయ్యండి. కుంపటి పక్కన గిన్నెడు నీళ్ళు పెడితే ఆ విషం నీళ్ళలో దిగిపోతుందని కొందరంటారు. ఆ వాయువు నీళ్ళలో కరగటం బహు స్వల్పం. ఆ గిన్నె వల్ల ప్రయోజనమేమీ లేదు.

ఈ సంగతి తేల్చినవారిలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒకడు. ఆయన ఈ వాయువును తానే పీల్చి, తన నెత్తురునే పరీక్షించి 1895లో ప్రకటించాడు. బొగ్గు గనుల్లోకి చిన్న ప్రాణులను తీసుకుపొమ్మని సలహా చెప్పినవాడు కూడా ఆయనే. చిట్టి పక్షి మనిషి కంటె ముందే తూలి పడుతుంది, పనివాళ్ళు పరుగెత్తుకు రావచ్చు. బ్రిటిష్ గనుల్లో పంజరంలోని కెనరీ పిట్టలకు ఈ ఉద్యోగం 1986 దాకా ఉన్నది. ఆ ఏడాది వాటి బదులు యంత్రాలు పెట్టాలని నిర్ణయించారు. ఈయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ కూడా గొప్ప శాస్త్రజ్ఞుడు. 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. అసలు విషయానికి ఇది కాస్త పక్కదారే, అయినా మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక హీటరు.

దుకాణానికి పోయే ముందు ఒక లెక్క చేద్దాం. పలక, బలపం తీయండి. కొట్టం పొడవు 4 మీటర్లు, వెడల్పు 3, ఎత్తు సగటున 3 అనుకోండి. మొత్తం 36 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అంటే కొట్టంలో ఉన్న గాలి 43 కిలోలు! గాలికి బరువేమిటని నవ్వేవాళ్ళు ఈ అంకె జ్ఞాపకం పెట్టుకోండి. కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించటానికి సుమారు ఒక కిలోజౌలు శక్తి కావాలి. 10 డిగ్రీలు పెంచాలంటే 430 కిలోజౌళ్ళు. 1000 వాట్ల హీటరు సెకనుకు ఒక కిలోజౌలు ఇస్తుంది. కనక 430 సెకన్లు, అంటే ఏడు నిమిషాల పైచిలుకు చాలు.

“ఓస్, ఇంతేనా!” అనకండి. గోడలు, నేల, పనిముట్లు కూడా ఆ వేడిలో వాటా అడుగుతాయి. వాటిని పక్కన పెట్టినా, పెంకుల సందుల సంగతేమిటి? వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. పైన పెంకుల మధ్య దారి ఉన్నది. అది పోతుంటే తలుపు కిందినుంచి చల్లగాలి లోపలికి దూరుతుంది. గంటకు పదిసార్లు ఇలా గాలి మారిందనుకోండి. అంతా వేడి చెయ్యటానికి 4300 సెకన్లు కావాలి. గంటలో ఉన్నవే 3600. హీటరు రోజల్లా మండినా వెనకబడే ఉంటుంది. చిల్లు కుండలో నీళ్ళు పోస్తున్నట్టే.

మరి ఏం చెయ్యాలి? భోగిమంట దగ్గర నిలబడినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. చుట్టూ గాలి చల్లగానే ఉంటుంది. అయినా ముఖం, చేతులు చురుక్కుమంటాయి, వీపు మాత్రం వణుకుతుంది. ఎవరైనా మీ ముందుకు వచ్చి నిలబడితే తటాలున చలి వేస్తుంది. మంట నుంచి వేడి వెలుగులాగా తిన్నగా వచ్చి మనను తాకుతున్నదన్నమాట. దీన్నే వికిరణం అంటారు. సూర్యుడి వేడి మనకు చేరేది కూడా ఇలాగే. దారిలోని గాలి ముందు వేడెక్కాలన్న నియమం లేదు.

కాబట్టి కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న, “గదిని వేడి చెయ్యాలా, మనిషిని వేడి చెయ్యాలా?” అన్నది. పెంకుల కొట్టంలో, ఒక్క మనిషి ఒక్క పనిబల్ల దగ్గర పని చేస్తుంటే, గాలిని వేడి చెయ్యబోవటం డబ్బు దండగ. పైగా నిర్మల్, ఆదిలాబాదు ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల కంటె తక్కువకు దిగినా, పది గంటలు దాటేసరికి ఎండ హాయిగా ఉంటుంది. వేడి కావలసింది రెండు మూడు గంటలే. వెయ్యగానే పని చేసేది కావాలి గాని, అరగంట తాత్సారం చేసేది కాదు.

దుకాణంలో కనిపించేవాటిలో, లోపల సన్నని పంకా పెట్టి వేడిగాలి విసిరేది ఒకటి. చవక, చిన్నది. కాని వడ్రంగి చోటుకు ఇది బొత్తిగా పనికిరాదు. రంపపు పొట్టును ఎగరగొడుతుంది, దాన్నే మళ్ళీ లోపలికి పీల్చి ఎర్రటి తీగ మీద పోసుకుంటుంది. రెండోది నూనె నింపిన ఇనప పలకల హీటరు. అందులో నూనె కాలదు, తరగదు. లోపలి తీగ వేడిని పలకలకు చేరవేస్తుందంతే. ఎర్రగా కాలే భాగం బయటికి ఉండదు కనక దుమ్ము ఉన్న చోట నయం. కాని ఖరీదు ఎక్కువ, వేడెక్కటం నెమ్మది, అదీ ముఖ్యంగా గాలినే వేడి చేస్తుంది. కొట్టం బదులు స్లాబు వేసిన గది ఉంటే నా ఓటు దీనికే. మూడోది ఎర్రగా మెరిసే కడ్డీల హీటరు. వేడిని భోగిమంటలాగా ఎదురుగా చిమ్ముతుంది. మన కుర్రవాడి నాన్నగారికి ఇది సరిపోతుంది, కొన్ని కట్టుబాట్లతో. అవి కిందికి వస్తున్నాయి.

గ్యాసుతోను, కిరసనాయిలుతోను మండేవి కూడా ఉన్నాయి. గొట్టం పెట్టి పొగను బయటికి పంపని పక్షంలో అవి కుంపటికి చుట్టాలే. అదీగాక, లీటరు కిరసనాయిలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరై గదిలో చేరుతుంది. చల్లటి రంపం మీద, చిత్రిక కత్తి మీద ఆ ఆవిరి మంచులా పట్టి తుప్పు తెస్తుంది. పనివాడికి ప్రాణం తరవాత పనిముట్లే గదా.

“మా హీటరు తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది” అని దుకాణదారు చెబితే నవ్వి ఊరుకోండి. తీగ కాలి వేడి ఇచ్చే హీటరు ఏదైనా సరే, ఒక యూనిట్టు కరెంటుకు ఇచ్చే వేడి ఒకటే, 3600 కిలోజౌళ్ళు. వెయ్యి రూపాయలదైనా, పదివేలదైనా అంతే. తేడా అంతా ఆ వేడి ఎక్కడికి పోతుందన్న దాంట్లోనే ఉన్నది.

ఇప్పుడు కట్టుబాట్లు. కడ్డీల హీటరును నేల మీద పెట్టనే కూడదు. ముందు వల ఉన్నది చూసుకుని, తలకంటె ఎత్తున, గోడకు గట్టిగా బిగించి, మొగం పనిబల్ల వైపు వంచాలి. దాని ఎదుట మూడడుగుల లోపల చెక్క, గుడ్డ, గోనె ఏదీ ఉండరాదు. పొట్టు ఏ రోజుది ఆ రోజు ఊడ్చి పారెయ్యాలి. వార్నీషు, టర్పెంటైను, థిన్నరు వాడే రోజున హీటరు ముట్టుకోనే వద్దు. వాటి ఆవిరి గాలికంటె బరువు. కంటికి కనిపించకుండా నేల మీద పాకుతూ పోయి, నిప్పు ఎక్కడుంటే అక్కడ అంటుకుంటుంది. రంగులు, వార్నీషు మధ్యాహ్నం ఎండవేళకు పెట్టుకుంటే సరి. జిగురు పని కూడా అంతే. ఫెవికాల్ లాంటి తెల్లజిగురు మరీ చల్లగా ఉంటే పొర కట్టక సుద్దలా పొడిబారుతుంది, అతుకు నిలవదు.

కరెంటు సంగతి మీ ఊరి ఎలక్ట్రీషియనుకు వదలండి. కాని ఈ లెక్క మీకు తెలిసి ఉండాలి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల హీటరు 4 ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది, 2000 వాట్లది దాదాపు 9 ఆంపియర్లు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. పెద్ద హీటరును దానిలో గుచ్చితే వైరు వేడెక్కి కరుగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి ఎర్తు ఉండాలి. ఇంట్లోంచి సన్నని తీగ లాగి, దాన్ని పొట్టు కింద దాచటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

అసలు హీటరు కొనకముందే చెయ్యదగిన పనులు రెండు ఉన్నాయి, రెండూ చవకే. వాసాల కింద వెదురు తడికెలు బిగిస్తే వెచ్చటి గాలి పైకి జారిపోవటం తగ్గుతుంది. అయితే గాలి ఆడటానికి ఒక కిటికీ రెక్క ఎప్పుడూ తెరిచే ఉంచాలి. రెండోది, నిలబడే చోట నేల మీద చెక్కపలక వెయ్యటం. బండరాయి మన కాళ్ళలోని వేడిని లాగేసినంత త్వరగా చెక్క లాగదు. కాళ్ళు వెచ్చగా ఉంటే చేతులు కూడా త్వరగా దారికి వస్తాయి. వడ్రంగి ఇంట చెక్కపలకకు కొదవేమిటి?

ఈ నెల మీకో పని. గది వేడి చూసే థర్మామీటరు ఒకటి సంపాదించండి. జ్వరం చూసేది పనికిరాదు, దాని మీద 35 డిగ్రీల దిగువ గీతలే ఉండవు. తెల్లవారుజామున మీ ఇంట్లో ఒక గదిలో నేల దగ్గర పావుగంట, పెద్దవాళ్ళ సాయంతో దూలం దగ్గర పావుగంట ఉంచి, రెండు అంకెలూ వ్రాసుకోండి. కప్పు పెంకులా, రేకులా, స్లాబా అన్నది కూడా వ్రాసి నాకు పంపండి.