వదంతికి మూలము మౌనము

వ్యాపారము మందగించి ధరలు పడిపోయినపుడెల్ల, "ప్రజలు పిఱికివారు, వదంతులు నమ్మి తమ చేటు తామే తెచ్చుకొనిరి" అనుట కొందఱు పెద్దలకు వాడుక. ఈ నింద అన్యాయమని మేము చెప్పుచున్నాము. చీకటిలోనున్నవానికి త్రాడు పామువలె తోఁచుట వాని దోషమా, దీపమును దాఁచినవాని దోషమా?

అమెరికా దేశమున జరిగినదానిని చూడుఁడు. 1929 అక్టోబరునకు పూర్వము అచ్చట ననేకులు షేర్ల ధరలు పెరుఁగుచునే యుండునని తలఁచి, అప్పుచేసి కొనిరి. ఆ యాశయు గ్రుడ్డిదే, దానిని నిందించినవారరుదు. ధరలు కూలిన పిమ్మట 1930 మొదలు 1933 వఱకు సుమారు 9,000 బ్యాంకులు మూఁతపడెను. ఏ బ్యాంకు గట్టిదో, ఏది గుల్లయో సొమ్ము దాఁచుకొన్నవారికి తెలియు మార్గము లేదు. తెలియనపుడు అందఱికంటె ముందుపోయి సొమ్ము తెచ్చుకొనుటయే వివేకము. కాని అందఱు నట్లే చేయుటచే గట్టి బ్యాంకులును కూలెను. మిగిలినవి అప్పులిచ్చుట తగ్గించెను. అప్పు దొరకని వర్తకుఁడు పనివారిని తీసివైచెను. కూలి లేనివాఁడు సరకు కొనఁజాలఁడయ్యెను. ధరలింకను తగ్గునని కొనఁగలవాఁడును వేచియుండెను. ఇట్లు భయము తాను భయపడినదానినే కల్పించెను. 1933 నాఁటికి పనివారిలో దాదాపు నలుగురిలో నొకరికి పని లేకపోయెను.

"నిజము చెప్పిన ప్రజలు బెదరుదురు" అని కొందఱందురు. ఇందులకు 1933 మార్చియే ప్రత్యుత్తరము. అధ్యక్షుఁడు రూజ్వెల్టు బ్యాంకులన్నిటిని మూయించి, పరీక్షలో బాగున్నవని తేలినవానినే తెఱపింపఁ బూనుకొని, మార్చి 12వ తేదీన ఆ సంగతి రేడియోలో ఇంటింటివారికి తెలియు మాటలలో చెప్పెను. మఱునాఁటినుండి బ్యాంకులు తెఱవఁగా, జనులు సొమ్ము తీసికొనుటకుఁ గాక తిరిగి వేయుటకు వరుసకట్టిరి. అవి వట్టి ధైర్యవచనములు కావు. పరీక్షయుఁ బూచీయు వాని వెంటనుండెను. ఆ యేఁడే డిపాజిట్ల బీమా చట్టమును వచ్చెను. మనదేశమునను 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిదపనే, 1962లో 1,500 రూపాయల వఱకు అట్టి బీమా ఏర్పడెను. 2020లో నది 5 లక్షలకు పెంచఁబడెను. మునిఁగిన పిదప గట్టు వేయుట ఎన్నాళ్లు?

చదువరులారా, ఈ దోషము బ్యాంకులదే కాదు. ఇంటి అప్పు ఆలికి చెప్పక దాఁచి, ఆమె కలఁతపడిన "ఆఁడువారికి లెక్కలేల?" అను గృహస్థుఁడు నిట్టివాఁడే. లెక్క అడుగుట అవిశ్వాసము కాదు, సొమ్మిచ్చినవారి హక్కు. మీ సొమ్మున్న సంఘమువారిని ఏఁటి లెక్కలు తెలుఁగున చదివి వినిపింపుఁడని అడుగుఁడు. మీ యింటి లెక్కలు మీ యింటివారి ముందుంచుఁడు. అట్లు చేయనివారికి వదంతిని దూఱు నధికారము లేదు.