బొమ్మల డిప్పు: చందా ఊరిది, చాకిరీ కళాకారుడిది

ఎలమంచిలి: గుడి మరమ్మతులకో, బడి ప్రహరీ గోడకో డబ్బు కావలసి వచ్చినపుడు తీర్థంలో లక్కీడిప్పు పెట్టడం గ్రామాలలో పరిపాటే. స్టీలు బిందెలు, టేబులు ఫ్యాన్లకు బదులు ఏటికొప్పాక లక్క బొమ్మలను బహుమతులుగా పెడితే ఊరి పనీ జరుగుతుంది, చేతిపనీ నిలుస్తుంది అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ బొమ్మలను కళాకారుల నుంచి ఉచితంగా తీసుకుంటే లెక్క తారుమారవుతుంది.

ఉదాహరణకు 10 రూపాయల టిక్కెట్లు 500 అమ్మితే 5,000 రూపాయలు వసూలవుతాయి. బహుమతి బొమ్మల ఖరీదు 1,500 అనుకుంటే, అది చెల్లించగా ఊరి పనికి మిగిలేది 3,500. బొమ్మలు ఉచితంగా వస్తే మొత్తం 5,000 మిగులుతాయి. ఆ అదనపు 1,500 ఎవరి జేబులోది? ఊళ్లో తక్కినవారు పదో, ఇరవయ్యో ఇస్తే, కళాకారుడొక్కడే పదిహేను వందలు చందా ఇచ్చినట్లు. టిక్కెట్టు కొన్నవారికి బొమ్మ తగులుతుందన్న ఆశయినా ఉంటుంది. అతనికి అదీ లేదు.

పేరు కాదు, ధర కావాలి

అంకుడు కర్రను ఆరబెట్టి, తిరిగే యంత్రంపై ఉలితో చెక్కి, రంగు కలిపిన లక్కను అదిమిపట్టి పూస్తే గాని బొమ్మ తయారు కాదు. ఆ రంగులు కూడా విత్తనాలు, బెరడు, వేళ్ల నుంచి తీసేవే. కర్ర కొనాలి, లక్క కొనాలి, కూలి గిట్టాలి. "నలుగురిలో పేరు వస్తుంది" అని నచ్చజెప్పినంత మాత్రాన ఈ ఖర్చులు తీరవు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఈ బొమ్మల శకటం రాష్ట్రాల శకటాలలో తృతీయ బహుమతి పొందింది. పేరుకు కొరత లేదు. కొరతల్లా గిట్టుబాటు ధరకే.

చట్టం మాటేమిటి?

నిర్వాహకులు గమనించవలసిన మరో సంగతి ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ లాటరీ గాని, రాష్ట్ర ప్రభుత్వం అనుమతించినది గాని కాని లాటరీ తీయడానికి ఆఫీసు లేదా స్థలం నిర్వహిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అలాంటి లాటరీని ప్రకటించినవారికి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. సొమ్ము మంచి పనికే పోతుందన్నంత మాత్రాన ఆ సెక్షనులో మినహాయింపు లేదు.

వేలంపాట మేలు

డిప్పు కంటే బహిరంగ వేలంపాట నయం. హైదరాబాదు శివారు బాలాపూర్‌లో వినాయకుని లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షల 1 వేయి పలికింది. ఆ సొమ్ము గ్రామాభివృద్ధికి వినియోగిస్తున్నారు. బొమ్మకు అంత పాట రాకపోవచ్చు. కాని కళాకారుడు చెప్పిన ధరనే సర్కారువారి పాటగా పెట్టి, ఆ ధర అతనికిచ్చి, పైన పలికినది ఊరి పనికి జమ చేస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. బొమ్మ విలువ పదిమంది ఎదుట తేలుతుంది. నిజంగా కోరుకున్నవారి ఇంటికే చేరుతుంది.

పాట ముగిసిన వెంటనే ఎంత వచ్చింది, కళాకారుడికి ఎంత ఇచ్చారు, పనికి ఎంత మిగిలింది అన్నది రచ్చబండ వద్ద రాసి అంటించాలి. చందా అడిగేవారు ముందుగా చాకిరీకి వెల కట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది.