లోకవృత్తము: దండు మోసిన ధాన్యము

సేన యనగనే మనకు దోచునవి తుపాకి, పొలిమేర, యుద్ధము. గృహిణులకు దానితో నేమి పని యని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు సైనికశాఖ 2020వ సంవత్సరమున జేసిన సేవను దలచినచో, సేనకును వంటింటికిని గల సంబంధము తేటపడగలదు.

ఆ దేశమున బ్రతి రాష్ట్రమునకును నేషనల్ గార్డు అను పౌరసేన గలదు. ఇందలి వారిలో బెక్కండ్రు నిత్యసైనికులు కారు. నెలకొక వారాంతమును, ఏటికి రెండు వారములును శిక్షణ పొంది, తక్కిన దినములలో దమ దమ వృత్తులు చేసికొనుచుందురు. స్త్రీలును ఇందు గలరు. రాష్ట్రమునకు ఆపద వాటిల్లినపుడు గవర్నరు పిలిచినచో, చేతిలోని పని విడిచి బయలుదేరవలెను.

2020 మార్చి 19వ తేదీని, కరోనా వ్యాధి కారణముగా, ఇల్లు కదలవలదని కాలిఫోర్నియా ప్రజల కాజ్ఞ యయ్యెను. పనులు నిలిచి కూలి పోయినవారు, పేదలకు దినుసులు పంచు ధర్మభాండారముల వాకిట బారులు దీరిరి. అచట నుచితముగా సేవచేయుచుండిన వృద్ధులో, తమ ప్రాణరక్షణకై యిండ్లలోనే యుండవలసి వచ్చెను. పుచ్చుకొనువారు పెరిగిరి, పంచువారు తగ్గిరి. మఱునాడే గవర్నరు పౌరసేనను ఆ భాండారములకు బంపెను. సైనికులు పెట్టెలు కట్టిరి, మూటలు మోసిరి, వరుసగా వచ్చిన కారులలో దినుసులు పెట్టిరి. ఎల్లరు నింట నుండవలసిన దినములలో ఇల్లు విడువవలసినవారు వీరు.

మే నెల చివర జార్జి ఫ్లాయిడు అను నల్లజాతీయుడు మినియాపొలిసు నగరమున బోలీసుచేతిలో మరణింపగా, దేశమంతట నలజడి చెలరేగెను. అపుడు కాలిఫోర్నియా పౌరసేన లాస్ ఏంజెలెసు వీథులలో సాయుధముగ నిలిచినది. కొందఱకది రక్షణ, కొందఱకు భయము. ఒకే దండు ఒక నెల అన్నము పంచి, మఱియొక నెల ఆయుధము పట్టెనను మాట దాచదగినది కాదు.

ఆగస్టు నడుమ వానలేని పిడుగులు పడి యడవులు రగులుకొన్నవి. ఆ యేట ఆ రాష్ట్రమున 40 లక్షల ఎకరములకు మించి దగ్ధమయ్యెను. సెప్టెంబరు 9వ తేదీని శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమున బట్టపగలే యాకాశము నారింజపండు రంగునకు దిరిగెను. అచట కాపురముండు మన తెలుగు కుటుంబములును ఆ పొగను జూచినవే. సైనికశాఖ విమానములు మంటల త్రోవలో నగ్నినిరోధక ద్రవమును గుమ్మరించినవి; సైనికులు కొందఱు నేలపై నిలిచి మంటలతో బోరిరి.

అంతకు నాలుగు దినములు ముందు, సెప్టెంబరు 5వ తేదీ రాత్రి, మామత్ పూల్ జలాశయపు గట్టున విహారమునకు వచ్చిన కుటుంబములను క్రీక్ ఫైర్ అను దావానలము చుట్టుముట్టెను. దారులన్నియు మూసికొనిపోయినవి. సైనికశాఖ హెలికాప్టరులు రెండు పొగలో మాటిమాటికి దిగి, 200 మందికి బైగా జనులను గాచినవి. వారిలో బిడ్డలును, గాయపడినవారును గలరు. పెద్ద హెలికాప్టరు ఒక్క పర్యాయములోనే నూఱుమందికి మించి మోసెను. ఆ సాహసమునకై యేడుగురు సిబ్బంది పతకములందిరి.

పతకము లేని సేవ యొకటి గలదు. బడులు మూతబడిన ఆ యేట, భర్తయో, భార్యయో, కొడుకో దండునకు బోయినపుడు, ఇంట నున్నవారే బిడ్డల చదువును, ముసలివారి మందును, నెలఖర్చును ఒంటిచేతితో నీడ్చుకొనవలసి వచ్చెను. సైనికుని పిలుచుట యనగా ఆ యింటి నంతను బిలుచుటయే.

కావున మేము చెప్పదలచిన దొక్కటి. ఆపదలో సేన నాదుకొమ్మని యడుగుట ప్రజల హక్కు. కాని ప్రతి కొఱతకును సేనయే దిక్కని యేలికలు నమ్మరాదు. ధర్మభాండారములకు ముందే తగు మనుష్యులను, అడవులకు ముందే తగు కాపును సమకూర్చినచో, ఆ పిలుపు లరుదగును. దండు మోసిన ధాన్యమును గృతజ్ఞతతో దలచుకొందము. ఆ దండును బంపిన యిండ్లను గూడ మఱవకుందము.