నొప్పి లేకపోవడం అభయం కాదు

దవడ మీద వాపు వచ్చి నెలలు గడిచినా వైద్యుని వద్దకు వెళ్లనివారు చెప్పే సమాధానం ఒక్కటే: "నొప్పి లేదు కదా!" పాఠకులారా, నా పేచీ అంతా ఈ మాటతోనే.

అమెలోబ్లాస్టోమా అనే కణితినే తీసుకోండి. పంటిని నిర్మించే కణజాలం నుంచి పుట్టే ఈ కణితి ఎక్కువగా కింది దవడలో, వెనుక దంతాల వద్ద, ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరుగుతుంది. సాధారణంగా ఇతర అవయవాలకు పాకదు కనుక దీనిని క్యాన్సర్ కాని కణితిగా లెక్కిస్తారు. ఆ మాట వినగానే రోగి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాడు. కానీ పాకకపోవడం వేరు, ఉన్నచోటును నాశనం చేయకపోవడం వేరు.

ఎముక నిర్జీవమైన రాయి కాదు. పాత ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు, కొత్త ఎముకను పేర్చే ఆస్టియోబ్లాస్ట్ కణాలు జీవితాంతం సమతూకంతో పనిచేస్తూ ఉంటాయి. కణితి ఎముకను తానే కొరికి తినదు. ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీను వంటి సంకేతాలతో ఆస్టియోక్లాస్ట్‌లను ఉసిగొల్పుతుంది. అవి ఆమ్లంతో ఖనిజాన్ని, ఎంజైములతో కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. ఆ ఖాళీలోకి కణితి జరుగుతుంది. గుట్కా, ఖైనీ నమిలేవారి చిగుళ్లలో పుట్టే క్యాన్సర్ దవడలోకి చొరబడేదీ చాలావరకు ఈ దారినే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మాత్రం ఎక్స్‌రే పట్టగలదు.

మరి మనం చేస్తున్నదేమిటి? చిగుళ్ల జబ్బు లేకుండానే పన్ను కదిలితే, ఎందుకు కదిలిందని అడగకుండా పీకించుకుంటున్నాం. ఎముక కరుగుతోందనగానే కాల్షియం మాత్రలు మింగుతున్నాం. లోపల కూల్చివేత సాగుతుంటే బయటి నుంచి ఇటుకలు తోలి ప్రయోజనమేమిటి? ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు ముదురుతుందన్న అపోహతో బయాప్సీకి నిరాకరిస్తున్నాం. ఆ పరీక్ష లేనిదే అది ఏ కణితో తేలదు, తేలనిదే సరైన చికిత్స లేదు.

ఆలస్యానికి మూల్యం చిన్నది కాదు. ఈ కణితి కణాలు ఎక్స్‌రేలో కనిపించే అంచును దాటి ఎముక రంధ్రాలలోకి చొచ్చుకుపోతాయి. అందుకే పైపైన గోకి తీస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. పెద్ద కణితులకు చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా దవడ భాగాన్ని తొలగించి, కాలి ఎముకతో పునర్నిర్మించవలసి వస్తుంది. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు.

కనుక దవడ వాపు రెండు వారాలు దాటినా, కారణం లేకుండా పన్ను కదిలినా, పన్ను తీసిన గాయం మానకపోయినా, కింది పెదవి మొద్దుబారినా దంతవైద్యుని కలవండి. రెండు దవడలూ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే అవసరమా అని మీరే అడగండి. అలా అడగడం రోగిగా మీ హక్కు.