కొలిమి లెక్క, మార్కెట్ లెక్క

ఎర్రగా కాగిన ఉక్కు స్లాబులో వేడి ఎలా పాకుతుందో, ఎలా తగ్గుతుందో చెప్పే సమీకరణం ఒకటుంది. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఆప్షన్లకు, అంటే ముందే ఖాయం చేసిన ధరకు కొనే లేదా అమ్మే హక్కులకు, ధర కట్టడానికి ప్రచురించిన సమీకరణాన్ని కాస్త మలిస్తే తేలేది అదే. కాబట్టి సండూరు తాలూకా కూరెకుప్పలో కాపురముండి, తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసే ఇంజనీరు క్వాంట్ కొలువు మీద కన్నేస్తే నవ్వాల్సిన పని లేదు. గణితంతో, ప్రోగ్రాములతో షేర్లు, ఆప్షన్ల వ్యాపారానికి పద్ధతులు కట్టేవారే క్వాంట్లు. వేరే రంగాల నుంచి ఇటు వచ్చినవారు లేకపోలేదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త ఇమాన్యుయేల్ డెర్మన్ 1985లో గోల్డ్‌మన్ శాక్స్‌కు మారారు. కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడు డేవిడ్ షా 1988లో పెట్టిన క్వాంట్ సంస్థ 1996లోనే హైదరాబాదుకు వచ్చింది.

పైథాన్, నాలుగు ఫార్ములాలు వస్తే చాలనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది.

కొలిమి ఉష్ణోగ్రత మీద అనుమానం వస్తే మళ్లీ కొలవొచ్చు. నిన్న ఇనుము కరిగిన వేడికే రేపూ కరుగుతుంది. మార్కెట్ అలా కాదు. ఏడాదికి 20 శాతం మేర ఊగిసలాడే సూచీ సగటున ఎంత పెరుగుతుందో తేల్చాలనుకుందాం. 25 ఏళ్ల ధరలు ముందేసుకున్నా ప్రామాణిక దోషం 20ని 25 వర్గమూలంతో భాగించినంత, అంటే 4 శాతం. లెక్క 10 అని చెబితే అసలు సంగతి 6 కావచ్చు, 14 కావచ్చు, అవీ దాటొచ్చు. నిమిషనిమిషం ధరలు తెచ్చి పోసినా సగటు విషయంలో ఒరిగేదేమీ లేదు; ఊగిసలాట ఎంతో మాత్రం బాగా తెలుస్తుంది. పైగా లాభసూత్రం పదిమందికి తెలిస్తే లాభమే మాయమవుతుంది. ఉక్కుకు ఆ గుణం లేదు, దాని పుణ్యమా అని వంతెనలు నిలబడుతున్నాయి.

అంకెల్ని ఎంత పిండినా ఇంతకు మించిన కచ్చితత్వం రాదని హద్దు గీసిన మనిషి సండూరు ఉన్న ఈ బళ్లారి ప్రాంతంవాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో అప్పటి బళ్లారి జిల్లాలోని హువ్విన హడగలిలో తెలుగు ఇంట పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1945లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. క్రామర్–రావు హద్దు అంటే అదే. అలాంటి గణాంకశాస్త్రాన్ని మన ఇంజనీరింగ్ కాలేజీలు చాలాచోట్ల ఒక్క పేపరుతో దాటేస్తున్నాయి. ట్రేడింగ్ క్లబ్బులు పెట్టే ముందు ఆ లోటు పూడ్చాలి.

ఈ హద్దు పట్టనివారి సంగతి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కల్లో ఉంది. 2021–22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. అదే మార్కెట్‌లో 2023–24లో విదేశీ మదుపు సంస్థలకు వచ్చిన లాభాల్లో 97 శాతం అల్గోరిథంలవే. క్వాంట్ జీతం భారీగా ఉండటం వెనుక ఈ లెక్క కూడా ఉందని చేరబోయేవారు తెలుసుకోవాలి.

ఉద్యోగం మానేయాల్సిన తొందరేమీ లేదు. ప్లాంటులో ఏ మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో సెన్సార్ల అంకెలతో ముందే అంచనా కట్టి, ఎన్నిసార్లు తప్పిందో తేదీలతో సహా రాసుకోవచ్చు. క్వాంట్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఆ పుస్తకం గురించి మాట్లాడటానికే ఎక్కువ ఉంటుంది.