గడియారానికి రాయి ఎవరు కొట్టిండ్రు?

హైదరాబాదు పోయినోళ్ళు మొజంజాహీ మార్కెట్ చూసే ఉంటరు. 1935లో కట్టిండ్రు. గోడలూ గడియారపు గోపురమూ గ్రానైటు రాయే. దానికి నిజాం కొడుకు పేరు పెట్టిండ్రు. సికింద్రాబాదు గడియార స్తంభం 120 అడుగులు, 1897లో ప్రారంభమైంది. దానికి గడియారం ఇచ్చిన సేఠు పేరు కూడా చరిత్రలో ఉన్నది. మరి బండ పగలగొట్టినోని పేరు? రాయి మోసిన తల్లి పేరు? ఇరవై ఏండ్లుగా బడిలో పాఠం చెబుతున్న. నేను చెప్పిన ఏ పుస్తకంలోనూ ఆ పేరు నాకు దొరకలేదు.

గడియారం అంటే గంటలు. కూలోని గంటలకు లెక్క ఉండాలన్నడు బాబాసాహెబ్. వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడుగా ఉండి, ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణను 1946లో సభలో పెట్టిండు. అది చట్టమైంది. ఆ లెక్క మన గుట్ట కాడికి వచ్చిందా? క్వారీలో కూలి ట్రిప్పు లెక్క, గుత్త లెక్క. పొద్దు పొడవక ముందు ఎక్కినోడు పొద్దుగూకినంక దిగుతడు. గంటల ముచ్చట ఎత్తితే "రేపటి సంది రాకు" అంటరు.

ఇక దుమ్ము సంగతి. గ్రానైటులో సిలికా ఉంటది. కంప్రెషర్ పెట్టి పొడిగా బెజ్జం కొడితే ఆ సన్నపు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరుస్తది. ఆ రోగమే సిలికోసిస్. దగ్గు, ఆయాసం చూసి టీబీ అనుకునుడు మామూలే. సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు, రాకుండ చూసుకునుడే ఉన్నది. బెజ్జం కొట్టేటప్పుడు నీళ్ళు పోస్తే దుమ్ము అణుగుతది. నీళ్ళ ట్యాంకరు ఖర్చు మన పానం కంటే ఎక్కువైందా?

అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టిపడేసుడు ఇంకోటి. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. వెట్టిలో ఉన్నోళ్ళను వెతికి విడిపించి బతుకుదెరువు చూపే బాధ్యత సర్కారుదేనని 1983లో ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2016లో సిద్దిపేట జిల్లా అయింది. ఆఫీసులు దగ్గరికొచ్చినయి. అడిగే నోరే కావాలె. గ్రామసభల్లో నాలుగు అడుగుదాం.

ఒకటి, హాజరు పట్టీ. ఎనిమిది గంటలు దాటితే అదనపు కూలి.
రెండు, నీళ్ళతో డ్రిల్లింగు. ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఆ కాగితం కూలీ చేతికే.
మూడు, తవ్వకాలతో నష్టపోయినోళ్ళ కోసం 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి లెక్క పంచాయతీ గోడ మీద రాయాలె.
నాలుగు, 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి చేతులు మారొద్దు. గుట్ట కింది మన పట్టాలు ఎవరి చేతిలో ఉన్నయో తహసీల్దారు చెప్పాలె.

వడ్డెరన్నలు బీసీ, మనం ఎస్సీ అని కాగితాలు వేరు చేసినయి. దుమ్ము వేరు చేయలేదు. క్వారీ బందున్న రోజు కలిసి కూసుందాం. పేరు, ఊరు, ఎన్నేండ్ల పని, దగ్గు ఎప్పటి సంది – అన్నీ నోటుబుక్కులో ఎక్కిద్దాం. రాసేటోళ్ళు మన పిల్లల్లనే ఉన్నరు. గడియారం మీద లేని పేర్లు ముందుగాల మన పుస్తకంలో ఉండాలె.

జై భీమ్!