దారి చూపేవాడు పార్ట్‌నర్ కాదు



చలి మొదలైతే చాలు, పాడేరు, అరకు, మారేడుమిల్లి వైపు ఆఫ్‌రోడ్ బైక్ క్లబ్బులు వరుస కడతాయి. "ట్రైల్ రైడ్‌కి లోకల్ పార్ట్‌నర్లు కావాలి" అని మన కుర్రాళ్ళని అడుగుతున్నారు. మనవాళ్ళు సంబరంగా సరే అంటున్నారు. ఒక్క మాట అడుగుతా. పొద్దంతా దారి చూపించి, సాయంత్రం చేతిలో పెట్టింది తీసుకుని ఇంటికొచ్చేవాడు పార్ట్‌నరా, కూలీయా?

వాళ్ళు ట్రైల్ అంటున్నది మన డోలీ దారి. రోడ్డు లేక గర్భిణిని మోసుకెళ్ళే దారే వాళ్ళకి అడ్వెంచర్! తడి నేలలో గుబ్బల టైర్లు గాడి కోస్తే, తర్వాతి వానకి నీళ్ళు అందులోనే పారి పొలం గట్టు తెగుతుంది. గెడ్డలో ఇరవై బళ్ళు దిగితే కింది ఊరు తాగేది బురద నీళ్ళే. రిజర్వ్ ఫారెస్ట్‌లో కేసు పడితే వాళ్ళు సిటీకి పోతారు, దొరికేది మనవాడే.

"అయితే ఉపాధి వద్దా?" అంటారు. వద్దనట్లేదు. దారి ఇచ్చే హక్కు ఒక్కడిది కాదు, ఊరిది అంటున్నా. 1996 పెసా ఊరి ఉమ్మడి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకల్ని నియంత్రించే అధికారం కూడా ఇచ్చింది.

కాబట్టి ముందు గ్రామసభ తీర్మానం. ఏ దారి, ఎన్ని బళ్ళు, ఏ నెల అన్నది ఊరే చెప్పాలి. అటవీ శాఖ అనుమతి క్లబ్బే తేవాలి. ఊరి వాటా ఊరి ఖాతాలో పడాలి, దారి చూపినవాడి కూలి వేరే. గట్టు తెగినా, మనిషికి దెబ్బ తగిలినా ఖర్చు క్లబ్బుదేనని కాగితం మీద రాయించాలి.

ఒప్పుకుంటే పార్ట్‌నర్లం. లేదంటే వాళ్ళకి తారు రోడ్డు చూపించండి.

జై ఆదివాసీ!